కడగకూడని సింహం

జూన్ 8, శనివారం

ఈ రోజు నుంచి నేను నాణేల సేకర్తను.

ఇప్పటికి నా దగ్గర నాలుగు నాణేలున్నాయి. ఒకటి మామూలుది. ఒకటి వంకరపోయింది. మూడోది బస్సు టోకెన్ అని అమ్మ అంటోంది గానీ, గుండ్రంగా ఉంది కాబట్టి నేను లెక్కలో వేసుకున్నాను. నాలుగోదానికి మధ్యలో చిల్లుంది. చిల్లు నాణేలు చాలా అరుదని లైబ్రరీ పుస్తకంలో ఉంది. నాన్న తాళాల షాపులో అలాంటివి ఒక డబ్బా నిండా ఉన్నాయి. అది వేరే విషయం.

పుస్తకం ముప్పై ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టాను. ముందున్నదంతా "కొత్తగా మొదలుపెట్టేవారికి" అట. నాలుగు నాణేలున్నదాన్ని, నాకెందుకు అది?

జూన్ 9, ఆదివారం

ప్రతి నాణేనికీ చరిత్ర రాసి పెట్టుకోవాలని ముప్పై నాలుగో పేజీలో ఉంది. అందుకని మా ఇంట్లో ఉన్న సింహం నాణెం చరిత్ర రాస్తున్నాను.

అది తాతయ్యది. రాగిది. నా అరచేతిలో సగం ఉంటుంది. నల్లగా ఉంటుంది. ఎంత నలుపంటే, దాని మీద సింహం ఉందని ముందే ఎవరైనా చెబితే తప్ప కనపడదు. జూలు మాత్రం వేలికి గరగరమని తగులుతుంది. "మనది సింహం ఇల్లు" అని తాతయ్య వచ్చినవాళ్లందరికీ చూపించేవాడట. పోయే ముందు కొడుకులిద్దర్నీ పిలిచి, దీన్ని ఇద్దరూ ఉంచుకోండి అన్నాడు. ఒక్క నాణేన్ని ఇద్దరు ఎలా ఉంచుకోవాలో చెప్పలేదు. అందుకని ఆరు నెలలు మా ఇంట్లో, ఆరు నెలలు పెదనాన్న ఇంట్లో ఉంటుంది.

తర్వాత నిచ్చెన గొడవ వచ్చింది. పెదనాన్న మా నిచ్చెన తీసుకెళ్లి తిరిగి పంపించారు. పదకొండు మెట్లుండాలి, పదే ఉన్నాయన్నాడు నాన్న. ఎప్పుడూ పదే అన్నారు పెదనాన్న. ఆయన తూనికలు కొలతల ఆఫీసులో పనిచేస్తారు. ఆయన లెక్క తప్పనడం ఆయన్ని చెంపదెబ్బ కొట్టడంతో సమానం. ఇక అంతే, ఏడేళ్లుగా మాటల్లేవు. నాణెం ఇచ్చిపుచ్చుకునే రోజు మాత్రం పెదనాన్న త్రాసు పట్టుకుని వస్తారు. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని నాతో మాట్లాడతారు.

"నాణెం తెమ్మని మీ నాన్నకి చెప్పమ్మా."

"తెస్తున్నానని మీ పెదనాన్నకి చెప్పు."

నాకు ఐదేళ్లు వచ్చినప్పటి నుంచి ఇదే ఉద్యోగం. ఇప్పుడు నాణెం మా వంతులో ఉంది. ఈ నెల ముప్పైన పెదనాన్న వచ్చి తీసుకెళ్తారు.

చరిత్ర ఇంతే. ఇప్పుడు అసలు సంగతి. అంత గొప్ప నాణెం అంత మురికిగా ఉండడం నాకు నచ్చలేదు. నాన్న షాపుకి వెళ్లాడు, అమ్మ బజారుకి వెళ్లింది. ఇనప్పెట్టెకి మూడు తాళాలున్నాయి. మూడు తాళంచెవులకీ నాన్నే చీటీలు కట్టి "పెట్టె 1, పెట్టె 2, పెట్టె 3" అని రాసి గోడకి తగిలించాడు. ఊరందరికీ తాళాలు వేసేది ఈయనే.

నిమ్మకాయ, ఉప్పు, పళ్లపేస్టు, పాత బ్రష్షు. గంటా పది నిమిషాలు. చేతులు పడిపోయాయి గానీ, గులాబీ రంగులో ధగధగా మెరిసిపోతోంది. పెదనాన్న చూసి ఎంత మురిసిపోతారో! సింహం కూడా స్పష్టంగా కనిపిస్తోంది. చెవులు కొంచెం కిందికి వేలాడుతున్నాయి. ముసలి సింహం అయి ఉంటుంది.

జూన్ 10, సోమవారం

మొదటి పేజీ చదివాను.

జూన్ 11, మంగళవారం

మొదటి పేజీలో ఒక గడి కట్టి, అందులో లావు అక్షరాలతో ఇలా ఉంది: "ఎట్టి పరిస్థితుల్లోనూ పాత నాణేన్ని కడగవద్దు. ఆ నలుపు మురికి కాదు, దాని వయసు." పుస్తకం రాసినాయనకి బుద్ధుంటే ఇది ముప్పై ఒకటో పేజీలో పెట్టేవాడు.

బడి అయ్యాక జిరాక్స్ షాపు పక్కన మెట్ల కింద పాత నాణేలు అమ్మే ఆయన దగ్గరికి వెళ్లాను. కంటికి ఎప్పుడూ భూతద్దం తగిలించుకునే ఉంటాడు. నేనింకా జేబులోంచి తీయనే లేదు.

"కడిగావా?" అన్నాడు.

"ఎలా తెలిసింది అంకుల్?"

"కడిగినవాళ్ల మొహం ఇలాగే ఉంటుంది." నాణెం అటూ ఇటూ తిప్పి చూశాడు. "గొర్రె బాగుంది."

"అది సింహం అంకుల్."

ఆయన భూతద్దం తీసి నన్ను చూశాడు. మళ్లీ పెట్టుకుని నాణేన్ని చూశాడు. "సరే" అన్నాడు.

మళ్లీ నల్లబడాలంటే ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. అంత నలుపు దానంతట అది రావాలంటే ముప్పై నలభై ఏళ్లన్నాడు. నాకు పంతొమ్మిది రోజులే ఉన్నాయన్నాను.

"అయితే వెంటనే మొదలుపెట్టు" అన్నాడు.

జూన్ 12, బుధవారం

పెట్టెలో నాణెం లేదని నాన్నకి తెలియదు. ఆరు నెలలూ పెట్టె తెరవడు. తెరవకపోవడమే భద్రత అంటాడు. నాన్న చెప్పినవాటిలో నాకు ఇంతగా నచ్చిన మాట ఇంకొకటి లేదు.

నాణేన్ని బాల్కనీలో గులాబీ కుండీలో పాతిపెట్టాను. రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను. నాకు మొక్కల మీద శ్రద్ధ పెరిగిందని అమ్మ ఫోనులో పెద్దమ్మకి చెప్పింది. అమ్మా పెద్దమ్మా రోజూ గంటసేపు మాట్లాడుకుంటారు. వాళ్ల మధ్య ఏ గొడవా లేదు, మొగుళ్ల ముందు మాత్రం ఉన్నట్టు నటిస్తారు.

జూన్ 15, శనివారం

అమ్మ ఆ కుండీని పైఅంతస్తు టీచరమ్మకి ఇచ్చేసింది!

జూన్ 16, ఆదివారం

టీచరమ్మ ఇంటికి వెళ్లి, మొక్కకి వీడ్కోలు చెప్పుకోవాలన్నాను. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. ఒంటరిగా వదిలేసి లోపలికెళ్లింది. తవ్వుకున్నాను. నాణెం, ఒక వానపాము దొరికాయి. నాణెం రంగు మారలేదు. ఆవిడ నాకు బిస్కెట్లు పెట్టి, ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు రావచ్చంది.

జూన్ 18, మంగళవారం

చెమటకి రాగి రంగు మారుతుందని నలభై రెండో పేజీలో ఉంది. మేజోడులో మడమ కింద పెట్టుకుని బడికి వెళ్లాను. మూడో పీరియడ్‌కి కుంటడం మొదలుపెట్టాను. ఆటల సారు చూసి ఎక్కడ పడ్డావంటే ఎక్కడా పడలేదన్నాను. నొప్పిని దాచిపెట్టి ఆడే పిల్ల అని సాయంత్రం అసెంబ్లీలో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. ఇప్పుడు వారం రోజులు కుంటాలి.

రంగు: గులాబీ.

జూన్ 20, గురువారం

భూతద్దం అంకుల్ జాలిపడ్డాడు. ఉడికించిన గుడ్డులోని పచ్చసొన, నాణెం కలిపి ఒక డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆ వాసనకి రాగి నల్లబడుతుందట. "ఒక్క పూటే ఉంచు" అన్నాడు. నాకున్న కంగారుకి ఒక్క పూట ఏం సరిపోతుంది? మూడు గుడ్లతో పెట్టి బీరువా వెనక దాచాను.

జూన్ 23, ఆదివారం

అమ్మ ఎలక చచ్చిందని పొద్దుటి నుంచి ఇల్లంతా వెతికింది. నేను కూడా వెతికాను. వంటగదిలో బాగా వెతికాను. మధ్యాహ్నం అమ్మ బీరువా జరిపింది.

డబ్బా మూత తీసి, ముక్కు మూసుకుని, చాలాసేపు చూసింది. నాణెం మచ్చలు మచ్చలుగా అయింది. కొంచెం నలుపు, కొంచెం ఊదా, ఒక చెవి నీలం. తంతుందనుకున్నాను. అమ్మ నేల మీద కూలబడిపోయింది.

"ఇది కూడా లేకపోతే వాళ్లిద్దరూ ఇక జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకోరే" అంది. "ఏడాదికి రెండుసార్లు దీని కోసమే కదా ఆయన మన గుమ్మం తొక్కేది. ఇది చూపించి ఇంకో నిచ్చెన కథ మొదలెడతారు. అంతే, ఇక తలుపులు మూసుకోవడమే."

నాకు అప్పటిదాకా తిట్ల భయమే ఉంది. అమ్మ మొహం చూశాక అసలు భయం పుట్టింది. పెదనాన్న వచ్చిన రోజు నాన్న పొద్దున్నే గడ్డం గీసుకుంటాడు. ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు.

జూన్ 25, మంగళవారం

అమ్మ గిన్నెల పొడితో మచ్చలు తోమేసింది. మళ్లీ గులాబీ.

"అమ్మా, ఇది గొర్రెలా లేదూ?" అన్నాను.

"నోర్ముయ్" అంది అమ్మ.

జూన్ 29, శనివారం

నాన్న బూట్ల పాలిష్. నలుపు రంగుది. రెండు పూతలు అమ్మ వేసింది, ఒకటి నేను వేశాను. జూలు దగ్గర పాత బ్రష్షుతో అద్దాం. పెట్టెలో పెట్టేశాం. దూరం నుంచి చూస్తే అచ్చం తాతయ్య నాణెమే. దగ్గర నుంచి చూస్తే కొంచెం బూటులా ఉంది.

జూన్ 30, ఆదివారం

అంతా రాయాలి. చెయ్యి నొప్పి పుట్టినా రాయాలి.

నాలుగింటికి పెదనాన్న వచ్చారు. చెక్కపెట్టెలో త్రాసు, తెల్ల రుమాలు, రసీదు పుస్తకం తెచ్చారు. ఆ చివర ఆయన, ఈ చివర నాన్న, మధ్యలో నేను. నాన్న గడ్డం గీసుకుని, చెవి దగ్గర కోసుకున్నాడు కూడా.

"ఆరోగ్యం ఎలా ఉందో మీ నాన్ననడుగు."

"బాగానే ఉన్నానని చెప్పు. కాలెలా ఉందో అడుగు."

"ఉందని చెప్పు."

నాన్న మూడు తాళాలూ తీసి నాణెం తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను పెదనాన్నకిచ్చాను. ఆయన రుమాలుతో పట్టుకున్నారు. రుమాలు నల్లబడింది. ఆయన దాన్ని వాసన చూశారు. తర్వాత వంగి తన బూట్లు వాసన చూసుకున్నారు. వంటింటి గుమ్మంలో అమ్మ కళ్లు మూసుకుంది.

తూకం వేశారు. రసీదు పుస్తకం తిరగేశారు. "పద్నాలుగు సార్లు తూచాను. ఎప్పుడూ ఒకటే తూకం. ఇవాళ తేడా వచ్చింది" అన్నారు. రుమాలు మంచినీళ్ల గ్లాసులో ముంచి నాణేన్ని తుడిచారు. ఒక తుడుపు. రెండో తుడుపు. నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు తిరిగారు.

"మన సింహం ఎక్కడుందో మీ నాన్ననడుగమ్మా. దాన్ని అమ్ముకుని ఈ గొర్రెని ఎక్కడ కొన్నాడో అడుగు."

నేను నాన్న వైపు తిరిగాను. నేనే అని చెబుదామని నోరు తెరిచాను. నాన్న నన్ను అసలు చూడనే లేదు. లేచి నిలబడ్డాడు.

"అన్నయ్యా! నాన్న నాణెం నేను అమ్ముకుంటానా?"

పెదనాన్న అటూ ఇటూ చూసి, ఆ మాట తననే అన్నాడని తేల్చుకుని, తనూ లేచారు.

"మెట్టు దొంగతనం చేశానని నువ్వు నన్ననలేదట్రా?"

"దొంగతనం అన్నానా? పదకొండు ఉండేవన్నాను!"

"అంటే పదకొండోది నేను మింగానా?"

"నేనే కడిగాను" అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను. సోఫా ఎక్కి అన్నాను. వాళ్లు నా రెండు పక్కల నుంచీ అరుచుకుంటున్నారు. నిచ్చెన అయింది, ఎవరి పెళ్లిలోనో పలకరించకపోవడం అయింది, తాతయ్య గొడుగు అయింది. అప్పుడు పెదనాన్న గొంతు ఉన్నట్టుండి తగ్గిపోయింది.

"కాలు విరిగి నెలన్నర మంచం మీదుంటే వచ్చావట్రా? ఒక్కసారి వచ్చావా?"

"వచ్చాను" అన్నాడు నాన్న. "రెండుసార్లు వచ్చాను. గేటు దాకా వచ్చి నిలబడ్డాను. నువ్వు పిలవలేదు."

"కాలు విరిగినవాణ్ణి, గేటు దాకా నడిచొచ్చి నిన్నెలా పిలుస్తాన్రా!"

ఆ సంగతి ఇన్నేళ్లలో నాన్నకి తోచినట్టు లేదు. కూర్చుండిపోయాడు. పెదనాన్న కూడా కూర్చున్నారు. మధ్యలో నేను సోఫా మీద నిలబడే ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది, దాన్ని ఆపుకోలేదు.

"అది కడిగింది బావగారూ" అంది అమ్మ గుమ్మంలోంచి. "పాలిష్ నేను వేశాను. ఆయనకేమీ తెలియదు."

ఇద్దరూ నన్ను చూశారు, అమ్మని చూశారు, నాణేన్ని చూశారు. పెదనాన్న దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. నాన్న వెనకాలే వెళ్లాడు. తలలు రెండూ ఆనించి చూశారు.

"మరి జూలు?" అన్నాడు నాన్న.

"ఉన్ని" అన్నారు పెదనాన్న. "చీకటి గదిలోకి వెళ్లాలంటే నాన్న దీన్ని మన జేబులో వేసి పంపేవాడు, గుర్తుందా? సింహం తోడుంది, పోరా అనేవాడు."

"నువ్వు వెళ్లేవాడివి. నేను నీ చొక్కా పట్టుకుని వచ్చేవాణ్ణి."

"ఈ గొర్రెని నమ్ముకునా నేను వెళ్లింది?" అన్నారు పెదనాన్న. మొహం చాలా సీరియస్‌గా పెట్టారు. ముందు నాన్న భుజాలు ఊగాయి. తర్వాత ఇద్దరూ కిటికీ చువ్వలు పట్టుకుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నాన్న అలా నవ్వగలడని నాకు తెలియదు.

వెళ్లేటప్పుడు పెదనాన్న మళ్లీ ఆఫీసరైపోయారు. రసీదులో "నల్లని సింహం" అని ఉంది, ఇది గులాబీ గొర్రె, కాబట్టి నిబంధనల ప్రకారం తను స్వీకరించలేరట. పాత రంగు వచ్చేదాకా నాణెం మా ఇంట్లోనే ఉండాలి, తను ప్రతి ఆదివారం వచ్చి తనిఖీ చేస్తారు. అలాగైతేనే న్యాయం అన్నాడు నాన్న.

జూలై 7, ఆదివారం

తనిఖీ. పెదనాన్న రంగుల షాపు నుంచి గోడ రంగుల చార్టు తెచ్చారు. గులాబీ నుంచి నలుపు దాకా ఇరవై రెండు గళ్లున్నాయి. నాణేన్ని ఒక్కో గడి పక్కన పెట్టి చూసి, ఏడో నంబరు అని రాసుకున్నారు. నాన్న ఎనిమిది అన్నాడు. అరగంట వాదించుకున్నారు, ఎదురెదురుగా. తనిఖీకి ఐదు నిమిషాలు పట్టింది. పెదనాన్న వెళ్లేసరికి ఏడున్నర అయింది. పెద్దమ్మ కూడా వచ్చింది. అమ్మా ఆవిడా మొగుళ్ల ముందు మాట్లాడుకోవడం అలవాటు తప్పి, మొదట కాసేపు "మీరు ఎలా ఉన్నారు" అనుకున్నారు.

నేను నీళ్ల గ్లాసులు పెట్టాను. ఇంకేం పని చెప్పలేదు నాకు.

జూలై 14, ఆదివారం

పదిహేనో నంబరు.

"పర్వాలేదే, త్వరగానే వస్తోంది" అన్నారు పెదనాన్న. అందరూ చేతుల్లోకి తీసుకుని చూడడం వల్ల రంగు తిరుగుతోందట. ఇంకో రెండు మూడు వారాల్లో తనిఖీ పూర్తవుతుందన్నారు. సంతోషంగానే అన్నారు గానీ, చార్టు మడిచి జేబులో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఇక డిసెంబరులోనే కదా అన్నాడు నాన్న. అవును మరి అన్నారు పెదనాన్న. ఇద్దరూ నిచ్చెన చూడ్డానికి బాల్కనీలోకి వెళ్లారు. పది మెట్లే ఉన్నాయి. పదకొండోది ఉండేదేమో అన్నారు పెదనాన్న. ఉండకపోయినా ఉండకపోవచ్చు అన్నాడు నాన్న.

ముప్పై నలభై ఏళ్లని చెప్పినందుకు భూతద్దం అంకుల్ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఆయన మాట నమ్ముకున్నాను.

జూలై 18, గురువారం

పెట్టె తీసి చూశాను. నా అంచనా ప్రకారం పదిహేడు.

జూలై 20, శనివారం

నేనిప్పుడు పుస్తకమంతా చదివాను, మొదటి పేజీతో సహా. కాబట్టి ఇది తెలియక చేసిన పని కాదు. అది రాసి పెట్టుకోవడం సేకర్తగా నా బాధ్యత.

నాన్న షాపులో ఉన్నాడు. తాళంచెవులు గోడకి ఉన్నాయి. పెరటి కుళాయి దగ్గర కూర్చుని, సగం నిమ్మకాయతో మెల్లగా రుద్దాను. మరీ గులాబీ అయితే అనుమానం వస్తుంది. పన్నెండు, పదమూడు దగ్గర ఆపాలి. ఒక పక్క అయ్యాక రెండో పక్క తిప్పుతుంటే, వెనక ఎవరో ఉన్నారనిపించింది.

అమ్మ. చేతిలో బట్టల బకెట్టుంది. నా చేతిలోని నిమ్మచెక్కనీ, నాణేన్నీ చూసింది. దాచడానికి టైము లేదు. అమ్మ బకెట్టు కింద పెట్టి, నా పక్కన గొంతుక్కూర్చుని, నాణేన్ని తీసుకుని వెలుగులో పెట్టి చూసింది.

"చెవుల దగ్గర వదిలేశావు" అని తిరిగి నా చేతిలో పెట్టింది.